ఇంగ్లీషు చదువుకు సరెండర్ వాల్యూ

మా ఊరిని తెలుగులో రేగుంట అంటాం. మరాఠీ కాగితాల్లో అది రేగుంఠా. ఇంగ్లీషు ఫారాల్లోకి వచ్చేసరికి ఏ గుమాస్తా చేతిలో పడితే ఆ స్పెల్లింగు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ప్రాణహిత దాటితే తెలంగాణ. ఊరి పేరే మూడు రాతల్లో మూడు రకాలుగా ఉన్న చోట హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు ఎలా చెప్పాలి? చెప్పే పంతులుకు, పంతులమ్మకు ఎలాంటి శిక్షణ ఉండాలి? ఈ వ్యాసంలో విషయం ఇదే.

ముందుగా ఒక మాట మనవి చేసుకోవాలి. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. కామర్సు చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో జమాఖర్చులు చూసుకుంటున్న వాణ్ణి. అయితే మా చెల్లెలి కూతురు బి.ఎడ్. చేసి, మా తాలూకాలోనే ఒక మరాఠీ మీడియం హైస్కూలులో మూడేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నది. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడల్లా మేనమామ, మేనకోడళ్ళ మధ్య జరిగిన వాదనల సారాంశమే ఈ నాలుగు పేజీలు.

నా సొంత కథ కూడా కొంత చెప్పక తప్పదు. నేను చదివే రోజుల్లో మహారాష్ట్రలో మరాఠీ బడి పిల్లలకు ఇంగ్లీషు అయిదో తరగతిలో మొదలయ్యేది. బి.కాం. దాకా అన్ని పరీక్షల్లోనూ ఇంగ్లీషు గట్టెక్కాను. మొదటి బ్యాంకు ఇంటర్వ్యూలో ‘మీ ఊరి గురించి చెప్పండి’ అని ఇంగ్లీషులో అడిగారు. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్ వాయిస్‌లోకి తప్పు లేకుండా మార్చగలిగిన వాణ్ణి, మా ఊరి గురించి రెండు వాక్యాలు చెప్పలేక చెమటలు కక్కాను. ఆ ఉద్యోగం రాలేదు. మరో రెండేళ్ళకు గాని ఇంకొకటి రాలేదు. ఆ రెండేళ్ళు ఇంట్లో మా నాయన మొహం చూడలేకపోయాను. తప్పు నాదేనని చాలాకాలం అనుకున్నాను.

నదుల నడుమ తెలుగు

మన పత్రిక చదివే నాగపూరు, షోలాపూరు, భివండీ, ముంబయి కుటుంబాల పెద్దలు బతుకు తెరువు కోసం మహారాష్ట్రకు వచ్చిన వారు. సిరొంచ తెలుగువారు అలా వచ్చినవారు కారు. మేము ఉన్నచోటనే ఉన్నాం, మా మీది సర్కారు పేర్లే మారుతూ వచ్చాయి. 1860ల్లో సిరొంచ ‘ఎగువ గోదావరి జిల్లా’కు ముఖ్య పట్టణం. 1874లో ఆ జిల్లాను ఎత్తివేసి భద్రాచలం వైపు భాగాన్ని మద్రాసు రాజధానికి ఇచ్చారు. సిరొంచ చాందా జిల్లాలోకి వెళ్ళింది. అదే తరువాత చంద్రపూర్ అయింది. 1982లో గడ్చిరోలి వేరు జిల్లా అయింది. జిల్లా కేంద్రం మాకు రెండు వందల కిలోమీటర్ల దూరం. కాళేశ్వరం గుడి మాత్రం గోదావరి అవతలి ఒడ్డునే. వంతెన రాకముందు పడవ ఎక్కి దర్శనానికి వెళ్ళేవాళ్ళం.

ఈ భూగోళం ఎందుకు చెబుతున్నానంటే, బడిలో కూర్చున్న పిల్ల నోట్లో ఎన్ని భాషలున్నాయో తెలియాలంటే ఇదంతా తెలియాలి.

రెండో భాషా? అయిదో భాషా?

శిక్షణ పుస్తకాల్లో ఇంగ్లీషును ‘ద్వితీయ భాష’ అంటారు. మా మేనకోడలు నవ్వి, “మామా, మా క్లాసుల ఇంగ్లీషు ఎన్నో భాషనో వేళ్ళ మీద లెక్కపెట్టు” అన్నది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, తరువాత హిందీ, ఆపైన ఇంగ్లీషు. తెలుగింటి పిల్లకు అది నాలుగో భాష. మాడియా గోండు ఇంటి పిల్లవాడికి ఇంట్లో మాడియా, సంతలో తెలుగు, బడిలో మరాఠీ, హిందీ, చివరకు ఇంగ్లీషు. అంటే అయిదో భాష. మహారాష్ట్ర బోర్డు వారు మరాఠీ మీడియం పదో తరగతికి ఇంగ్లీషును ‘తృతీయ భాష’గా పెట్టారు. లెక్క ఎవరిది వారిదే.

పేరులో ఏముందిలే అనుకోవచ్చు. కాని ఉన్నది. మా మేనకోడలు మొదటి సంవత్సరం జవాబు పత్రాలు దిద్దుతూ తప్పులను రెండు కుప్పలుగా పోసింది. ‘ఆయన డాక్టరు’ అన్నదాన్ని ఇంగ్లీషులో రాయమంటే తెలుగింటి పిల్లలు చాలామంది ‘హీ డాక్టర్’ అని రాశారు. మరాఠీ ఇంటి పిల్లలు ‘హీ ఈజ్ డాక్టర్’ అని రాశారు. కారణం తేలికే. తెలుగులో ‘ఆయన డాక్టరు’ అంటే వాక్యం పూర్తయింది, క్రియ అక్కరలేదు. మరాఠీలో ‘తో డాక్టర్ ఆహే’ అంటారు. ఆ ‘ఆహే’ ఉన్న పిల్లకు ‘ఈజ్’ సులువుగా దొరుకుతుంది. మన పిల్లకు దాని అవసరమే తోచదు. అయితే ‘డాక్టర్’ ముందు రావలసిన ‘ఎ’ ఇద్దరూ వదిలేశారు. ఆర్టికల్స్ ఈ రెండు భాషల్లోనూ లేవు.

ఇక రెండో కుప్ప. మరాఠీలో కుర్చీ స్త్రీలింగం. అందుకని మరాఠీ ఇంటి పిల్లవాడు కుర్చీని ‘షీ’ అంటాడు. తెలుగు పిల్లలకు ఆ తిప్పలు లేవు. వాళ్ళ తిప్పలు వేరు. మనకు ఆడమనిషి వచ్చినా, ఆవు వచ్చినా క్రియ ‘వచ్చింది’ ఒక్కటే. అందుకని ‘షీ’ అనవలసిన చోట ‘ఇట్’ పడుతుంది. ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’ అన్నప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే గుంటలో పడతారు. ఎందుకంటే తెలుగులోనూ మరాఠీలోనూ అన్నలు ‘నాకు’ ఉంటారు. ఇంగ్లీషులో ‘నేను’ అన్నలను ‘కలిగి ఉంటాను’.

ఒకే తరగతిలో, ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు పిల్లల తప్పులు వేరు, కారణాలు వేరు. ఇద్దరికీ ఒకే ఎర్ర సిరా గీత గీస్తే ఏం లాభం? ఖాతాలో తేడా వచ్చినప్పుడు ఎక్కడ తప్పిందో పట్టుకోకుండా మొత్తం కొట్టివేసి మళ్ళీ రాయమంటే బ్యాంకు నడుస్తుందా?

శిక్షణలో ఉన్నది, లేనిది

2015 నుంచి మన దేశంలో బి.ఎడ్. రెండేళ్ళయింది. అందులో ఇరవై వారాలు బడులకు వెళ్ళి ఉండాలి. మా అమ్మాయి అలాగే చదివింది. పాఠ్య పథకం రాయడం, మైక్రో టీచింగ్ అంటే చిన్న పాఠాన్ని కొద్ది నిమిషాల్లో తోటివారి ముందు చెప్పి లోపాలు దిద్దుకోవడం, ప్రశ్నపత్రం తయారీ, పిల్లల మనస్తత్వం, ఇవన్నీ నేర్పారు. మంచివే. “అన్నీ చెప్పిన్రు గాని, పిల్ల మరాఠీల చదివి, తెలుగుల ఆలోచించి, ఇంగ్లీషుల రాస్తే ఏం జేయాల్నో చెప్పలేదు” అంటుంది మా అమ్మాయి.

ఇంగ్లీషు బోధన శిక్షణ మన దేశంలో నిన్న మొన్నటిది కాదు. 1956లో అలహాబాదులో ఒక సంస్థ వెలిసింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మొదలైంది. ప్రసిద్ధ కన్నడ కవి వి.కె. గోకాక్ దాని తొలి సంవత్సరాల్లో డైరెక్టరుగా ఉన్నారు. 1972లో విదేశీ భాషలు కూడా చేరి అది ‘సీఫెల్’ అయింది. 2007 నుంచి ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1963లో బెంగుళూరులో దక్షిణాది రాష్ట్రాల కోసం ప్రాంతీయ సంస్థ ఏర్పడింది.

మద్రాసు రాష్ట్రంలో 1960 ప్రాంతంలో ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. ప్రాథమిక తరగతుల్లో ఇంగ్లీషు చెప్పే సుమారు 27 వేల మందికి తిరిగి శిక్షణ ఇవ్వాలని తలపెట్టారు. కొద్దిమందికి బాగా నేర్పడం, వాళ్ళు మరికొందరికి, ఆ మరికొందరు ఇంకా ఎందరికో నేర్పడం. కొండ మీది నుంచి దొర్లే మంచుముద్ద పెద్దదైనట్టు శిక్షణ పెరుగుతుందని దానికి ‘మద్రాస్ స్నోబాల్’ అని పేరు వచ్చింది. సంఖ్య పెరిగింది నిజమే. కాని ఇలాంటి పథకాలన్నిటిలో ఉన్న చిక్కు ఒకటుంది. పై మెట్టు మీద చెప్పిన కారణం కింది మెట్టుకు వచ్చేసరికి ఆవిరై, ‘ఇలా చెయ్యండి’ అన్న ఆదేశమే మిగులుతుంది. పల్లెలో పంతులుకు చేరేది ఆ ఆదేశమే.

మహారాష్ట్ర ఈ పాఠం కొంత నేర్చుకున్నదనే చెప్పాలి. 2000లో ఇక్కడ ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు పెట్టారు. 2013లో రాష్ట్ర ప్రభుత్వం బ్రిటిష్ కౌన్సిల్‌తో కలిసి హైస్కూలు ఇంగ్లీషు ఉపాధ్యాయుల కోసం ‘ఎలిస్’ అనే కార్యక్రమం చేపట్టింది. 2016లో టాటా ట్రస్టుల సాయంతో ప్రాథమిక ఉపాధ్యాయుల కోసం వచ్చిన ‘తేజస్’లో పద్ధతి మారింది. దగ్గర దగ్గర బడుల వాళ్ళు బృందంగా కలుసుకుని, తమ తరగతిలో ఏమి పనిచేసిందో, ఏది చెయ్యలేదో ఒకరికొకరు చెప్పుకోవడం అందులో ముఖ్యం. నా దృష్టిలో ఇదే సరైన దారి. ఏడాదికోసారి వచ్చే తనిఖీ అధికారి కన్నా పక్క కౌంటరు మిత్రుడి దగ్గరే నేను ఎక్కువ పని నేర్చుకున్నాను.

గిడుగు వారు చూపిన దారి

ఇంటి భాషను ఆధారం చేసుకుని చదువు చెప్పాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. అది కూడా మాలాంటి సరిహద్దు ఊరే, ఇప్పుడు ఒడిశాలో ఉన్నది. పక్క కొండల్లోని సవరలతో మాట్లాడడానికి వారి భాష నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు, సవర భాషలోనే వాచకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. వ్యావహారిక భాషకు ఆయన చేసిన సేవ అందరికీ తెలుసు. పిల్లవాడి నోట్లో ఏముందో ముందు తెలుసుకున్న పంతులుగా ఆయనను తలచుకునేవారు తక్కువ.

మాకు ఇంకా దగ్గరలో, ప్రాణహిత అవతల, మార్లవాయి ఉన్నది. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని ఈ ఊళ్ళో హైమెన్‌డార్ఫ్ చొరవతో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆ ఊళ్ళ యువకులకే చదువు నేర్పి, వారినే పంతుళ్ళను చేశారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. తెలిసిన భాషలో మొదలుపెట్టి తెలియని భాషకు వెళ్ళడమన్నది అక్కడి పద్ధతి.

మధ్యలో ఆగిన పాలసీ

ఒకనాడు మా అమ్మాయి బి.ఎడ్. నోట్సు తిరగేస్తుంటే నాకు బాగా పరిచయమైన మాట ఒకటి కనబడింది. సరెండర్ వాల్యూ. బీమా మాట ఇక్కడెందుకున్నదా అని చూశాను. మైకేల్ వెస్ట్ అనే ఆంగ్లేయుడు ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేశాడు. 1926లో ప్రచురించిన పుస్తకంలో ఆయన అడిగిన ప్రశ్న ఇది. బెంగాలు పిల్లల్లో చాలామంది చదువు పూర్తి కాకుండానే బడి మానేస్తున్నారు. పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికి ఎంతో కొంత సొమ్ము వచ్చినట్టు, మధ్యలో ఆగిన ఇంగ్లీషు చదువుకు చేతికి వచ్చేదెంత?

నేను చాలాసేపు ఆ పేజీ మీదే ఆగిపోయాను. మా వైపు చదువు మధ్యలో ఆపడం ఎవరికీ వింత కాదు. సంక్రాంతి దాటితే తల్లిదండ్రులతో కలిసి పిల్లలు నది దాటి తెలంగాణ మిరప చేలకు కాయలు ఏరడానికి వెళతారు. పదో తరగతి పరీక్ష మార్చిలో. మిరప పంట పరీక్ష కోసం ఆగదు.

మన ఇంగ్లీషు చదువంతా చివరి రోజున, పరీక్షలో పాసయితేనే ఫలితం అన్న లెక్క మీద నడుస్తున్నది. ఏడో తరగతిలో మానేసిన వాడికి చేతికి వచ్చేది సున్న. డిగ్రీ దాకా వెళ్ళిన నాకే ఇంటర్వ్యూ గదిలో వచ్చింది సున్న! ఏ నెల నేర్చుకున్నది ఆ నెలలోనే ఎక్కడో ఒకచోట ఉపయోగపడేలా చెప్పగలమా? వెస్ట్ ప్రశ్న ఇదే. ఆయన చదవడానికి పెద్దపీట వేశాడు. పంతులు లేకపోయినా చదవడం వచ్చిన పిల్ల తనంతట తాను ముందుకు పోగలదు గనుక.

బస్సు బోర్డు, బ్యాంకు స్లిప్పు

రెండో ఏడాది మా అమ్మాయి పద్ధతి కొంత మార్చింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో జరిగిన ‘బెంగుళూరు ప్రాజెక్టు’ గురించి చదివి ఉన్నది. మామూలు బడుల్లో, నల్లబల్ల, సుద్దముక్క తప్ప మరేమీ లేకుండానే పిల్లలకు రైళ్ళ టైంటేబుల్, పటం వంటివి ఇచ్చి లెక్క తేల్చమనేవారు. పిల్లవాడి దృష్టి వ్యాకరణం మీద కాక అర్థం మీద ఉంటే భాష దానంతట అదే పడుతుందని ప్రభు వాదన.

మాకు రైలు లేదు. అందుకని మా అమ్మాయి సిరొంచ బస్టాండు వేళలు రాసుకుని వచ్చింది. “అహేరి ఆస్పత్రిలో డాక్టరు ఒంటిగంట వరకే ఉంటారు. మీ అవ్వను చూపించాలి. ఏ బస్సు ఎక్కుతారు? తప్పితే తరువాతిది ఎప్పుడు?” అని ఇంగ్లీషులో అడుగుతుంది. పిల్లలు మొదట తమలో తాము తెలుగులో, మరాఠీలో, మాడియాలో మాట్లాడుకోవచ్చు. జవాబు మాత్రం ఇంగ్లీషులో, ఒక్క మాటైనా సరే. ‘ఈజ్’ కోసం గోడకు ఒక చార్టు. ఒకే వాక్యం తెలుగులో, మరాఠీలో, మాడియాలో, ఇంగ్లీషులో. మాడియా వాక్యం పిల్లలే చెప్పి రాయించారు. తాము కూడా పంతులమ్మకు ఒకటి నేర్పామన్న సంతోషం వాళ్ళ ముఖాల్లో నేను కళ్ళారా చూశాను.

నా వంతుగా బ్యాంకు జమ స్లిప్పులు ఒక కట్ట పంపాను. మన రాష్ట్రంలో అవి మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటాయి. తెలుగు ఉండదు. పిల్లలు మూడు భాషలూ పక్కపక్కన పెట్టి చదివారు.

ఒక నోటు పుస్తకం

క్రిందటేడు పదో తరగతి అమ్మాయి ఒకతె, తెలివైనది, జనవరిలో తల్లిదండ్రులతో భూపాలపల్లి వైపు మిరప చేలకు వెళ్ళిపోయింది. పరీక్ష ఫీజు కట్టి కూడా రాయలేదు. మా మేనకోడలు ఇంటికి వచ్చి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. సరిగ్గా ఆ నెలలోనే నాగపూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడి నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. జీతం ఎక్కువ, పట్నం. మా చెల్లెలు పొమ్మన్నది. నేనూ, “పో బిడ్డా, ఇక్కడ నువ్వు ఎంత చెప్పినా ఇంతే” అన్నాను. దాచుకోను, ఆ మాట అన్నది నేనే.

ఏప్రిల్ చివర ఆ పిల్ల తిరిగి వచ్చింది. చేతులు మిరప ఘాటుకు మండి పొట్టు లేచి ఉన్నాయి. ఆ వేళ నేనూ అక్కడే ఉన్నాను. ఒక చిన్న నోటు పుస్తకం తీసి మా అమ్మాయికి ఇచ్చింది. చేలో, దారిలో కనబడిన ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే చూసి రాసుకుని వచ్చింది. మందు డబ్బా మీదివి, ఎరువు సంచి మీదివి, లారీ వెనకవి. కొన్నిటికి అర్థం తానే రాసుకుంది. తెలియని వాటి పక్కన ప్రశ్న గుర్తు.

“మేడం, ఎరువు సంచి మీద ‘నెట్ వెయిట్’ అని ఉన్నది. నెట్ అంటే వల అని మీరే చెప్పిన్రు. సంచికి వల ఎందుకు?”

మా అమ్మాయి నా వైపు చూసింది. ఇది నా శాఖ గదా! సంచి బరువు తీసివేయగా మిగిలిన అసలు సరుకు బరువే నెట్ వెయిట్ అని, సంచితో కలిపితే గ్రాస్ అని చెప్పాను. ఆ పిల్ల కొంచెం ఆలోచించి, “మేము కిలోల లెక్కన ఏరినం. సంచి అని, తేమ అని తరుగు తీసిన్రు. అట్లయితే మాకు ఇచ్చింది నెట్టా?” అని అడిగింది. తండ్రి దగ్గరున్న చీటీ తెప్పించి ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. తీసిన తరుగు సంచి బరువుకు మించి ఉన్నది. ఆ డబ్బు తిరిగి రాలేదు, రాదు కూడా. కాని “వచ్చేడు సంచిని ముందుగాల్నే జోకమంటం” అన్నాడు తండ్రి.

పరీక్ష రాయని ఆ పిల్ల ఇంగ్లీషు చదువుకు సరెండర్ వాల్యూ ఎంత అంటే, నేను ఆ చీటీ చూపిస్తాను.

ఆమె మళ్ళీ పరీక్షకు కూర్చుంటానంటున్నది. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు. మా మేనకోడలు మాత్రం నాగపూరు వెళ్ళలేదు. ఎప్పటికీ వెళ్ళదని చెప్పలేను, దాని బతుకు దానిది. నేను మాత్రం పొమ్మనడం మానేశాను.

మన ఇళ్ళలో

చివరిగా మన పాఠకులకు రెండు మాటలు. మన పిల్లలకు కూడా ఇంగ్లీషు రెండో భాషో, మూడో భాషో. పిల్ల తప్పు మాట్లాడితే ‘తప్పు’ అని ఊరుకోకుండా, దాన్ని తెలుగులో ఎలా అంటామో అడిగి చూడండి. తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది. ఇంగ్లీషు వస్తుందని ఇంట్లో తెలుగు మానకండి. ఉన్న మూలధనం తీసి పక్కన పెట్టి వ్యాపారం మొదలుపెట్టే వాడు ఎవడూ ఉండడు.

ఇంకొకటి. మీ పిల్లలు చదివేసిన బొమ్మల కథల పుస్తకాలు అటక మీద ఉంటే దింపండి. మీకు తెలిసిన పల్లెటూరి బడి ఏదైనా సరే, పంపండి. మా అమ్మాయి బడిలో బీరువా ఒకటి ఉన్నది. అందులో మూడు అరలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.